ఆ ప్లస్ ఎక్కడికి పోయింది?

ఫ్రెండ్స్, ఈ వారం కొత్త ఫోన్ రివ్యూ లేదు. కొత్త యాప్ ముచ్చటా లేదు. ఒక ప్లస్ గుర్తు గురించి చెప్తా. అది నా స్క్రిప్ట్‌లోంచి చెప్పాపెట్టకుండా మాయమైంది. దానివల్ల ఒక అమ్మ ఆపరేషన్ మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జరిగింది. తప్పు పూర్తిగా నాదే.

జరిగింది ఇదీ. పొద్దున్నే కాలేజీ జూనియర్ ఫోన్ చేశాడు. "అన్నా, గుంటూరులో ఉన్నాం. అమ్మకి మధ్యాహ్నం ఆపరేషన్. బీ పాజిటివ్ రెండు యూనిట్లు కావాలంట. బ్లడ్ బ్యాంకులో బదులు డోనర్లని తెమ్మంటున్నారు. మీ లిస్టు ఉంది కదా!"

లిస్టు అంటే మా బ్యాచ్ వాళ్లం కాలేజీ రోజుల్లో మొదలుపెట్టిన రక్తదాతల షీట్. పేరు, ఊరు, ఫోన్ నంబర్. బ్లడ్ గ్రూప్ గడి కూడా ఉంది కానీ సగం మంది నింపలేదు. అందుకే ఎవరికి అవసరమొచ్చినా ఆ ఊరి చుట్టుపక్కల ఉన్నవాళ్లందరికీ మెసేజ్ పంపేస్తాం.

ఒక్కొక్కరి నంబర్ వెతికి, మెసేజ్ పేస్ట్ చేసి పంపడం నాకు విసుగు. అందుకని రెండేళ్ల కిందట లాప్‌టాప్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకున్నా. మెసేజ్ ఒక్కసారి టైప్ చేస్తే చాలు. లిస్టులోని ప్రతి నంబర్‌కీ అది ఒక లింక్ తయారుచేసి ఓపెన్ చేస్తుంది. మెసేజింగ్ యాప్ తెరుచుకుంటుంది, పెట్టెలో మాటలు ముందే రాసి ఉంటాయి, నేను సెండ్ నొక్కుతా. నలభై మందికి పది నిమిషాలు. గర్వంగా ఉండేది కూడా!

ఆ రోజు నేను టింగ్లిష్‌లో టైప్ చేసింది దాదాపు ఇలా: "అర్జెంట్. బీ+వీఈ రక్తం 2 యూనిట్లు కావాలి. గుంటూరు. ఆసుపత్రి రూమ్ #304. ఫోన్ చేయండి..." ఆ తర్వాత జూనియర్ నంబర్. నలభై మందికీ టకటకా పంపేసి మీటింగ్‌లోకి వెళ్లిపోయా. ఫోన్ సైలెంట్.

గంటన్నర తర్వాత చూస్తే జూనియర్‌వి ఆరు మిస్డ్ కాల్స్. ఒక్క డోనర్ కూడా వాళ్లకి ఫోన్ చేయలేదు. నేను తల పట్టుకుని కూర్చుంటే పాత రూమ్మేట్ కాల్ వచ్చింది. వాడు ఉండేది ఆ ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో.

"ఒరేయ్, ఆ బీ నెగటివ్ దొరికిందా?"

"నెగటివ్ ఏంట్రా? పాజిటివ్ కదా పెట్టాను!"

"పాజిటివ్ ఎక్కడ్రా బాబూ! నాది పాజిటివే. నువ్వు పెట్టి ఉంటే ఈపాటికి ఇచ్చేసి టిఫిన్ కూడా చేసేవాణ్ణి."

స్క్రీన్‌షాట్ పంపాడు. చూసి నోట మాట రాలేదు. అందులో 'బీ' ఉంది, తర్వాత ఖాళీ, తర్వాత 'వీఈ'. ప్లస్ లేదు. మెసేజ్ 'రూమ్' అన్న మాట దగ్గర ఆగిపోయింది. 304 లేదు, ఫోన్ నంబర్ లేదు. మధ్యలో ఏదో గుర్తు ఎగిరిపోయిందని జనానికి అర్థమైంది. అది మైనస్ అయి ఉంటుందని అనుకున్నారు. వాళ్ల తప్పేముంది? ఊరందర్నీ అర్జెంట్‌గా అడిగేది ఎక్కువగా నెగటివ్ గ్రూప్‌కే కదా! పాజిటివ్ వాళ్లు "మనది కాదులే" అని పక్కన పెట్టారు. నెగటివ్ ఉన్నవాళ్లు ఒకరిద్దరు నాకే రిప్లై పెట్టారు, నేను మీటింగ్‌లో ఉన్నా.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. తప్పుడు మెసేజ్ వల్ల తప్పుడు రక్తం ఎక్కే ప్రమాదం లేదు. బ్లడ్ బ్యాంకులో గ్రూప్ మళ్లీ పరీక్షిస్తారు, పేషెంట్ రక్తంతో క్రాస్ మ్యాచ్ కూడా చేస్తారు. పోయింది టైమ్. ఆ టైమే ఆసుపత్రి వరండాలో నిలబడ్డవాళ్లకి ఎంత బరువో నాకు ఆ ఆరు మిస్డ్ కాల్స్ చూశాక తెలిసింది. రూమ్మేట్ వెంటనే బండెక్కాడు. వాడి ఆఫీసులో ఇంకో బీ పాజిటివ్ అబ్బాయిని వెనకాల ఎక్కించుకుని మరీ వెళ్లాడు.

ఆ రాత్రి కూర్చుని ప్లస్ ఎక్కడ పోయిందో వెతికా. వెతికితే దొరికిన సంగతులు మీకూ పనికొస్తాయి. ఎందుకంటే మీలో చాలామంది ఏదో ఒక లింక్ తయారుచేసి పంపుతూనే ఉంటారు. పికిల్స్ ఆర్డర్ లింక్, యూపీఐ పేమెంట్ లింక్, కాలేజీ ఫెస్ట్ ఫారం లింక్. స్క్రిప్ట్ రాయకపోయినా ఫోన్‌లో షార్ట్‌కట్ పెట్టుకుంటారు. అందరికీ ఇదే గొయ్యి.

వెబ్ అడ్రస్ అంటే ఒట్టి అక్షరాల తాడు కాదు, అందులో కొన్ని గుర్తులకి ఉద్యోగాలున్నాయి. ప్రశ్న గుర్తు వచ్చిందంటే "ఇక్కడితో పేజీ పేరు అయిపోయింది, ఇకపై వివరాలు" అని. & వచ్చిందంటే "ఒక వివరం అయింది, ఇంకోటి మొదలు". = అంటే ఎడమ పక్క వివరం పేరు, కుడి పక్క దాని విలువ. # అంటే "పేజీలో ఫలానా చోటుకి వెళ్లు". ఆ # తర్వాతి భాగం అసలు సర్వర్‌కి వెళ్లదు, బ్రౌజర్ తన దగ్గరే ఉంచుకుంటుంది. నా 'రూమ్ #304' సంగతి ఇప్పుడు అర్థమైందా? నేను రాసింది రూమ్ నంబర్. బ్రౌజర్ చదివింది "పేజీలో 304 అనే చోటు". ఫోన్ నంబర్ కూడా దాని వెనకే పోయింది.

ఈ రూల్స్ నిన్నా మొన్నా పుట్టినవి కావు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ, మరో ఇద్దరు కలిసి రాసిన పత్రం 1994 డిసెంబర్‌లో వచ్చింది. ఇప్పుడు వాడుకలో ఉన్న మూల పత్రం 2005 జనవరి నాటిది. ఆర్ఎఫ్‌సీ 3986 అంటారు. దాని ప్రకారం లింక్‌లో ఎక్కడైనా నిర్భయంగా వాడుకోదగ్గవి 66 మాత్రమే. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు 26, చిన్నవి 26, అంకెలు 10, ఇంకా హైఫన్, చుక్క, అండర్‌స్కోర్, టిల్డే. ఉద్యోగాలున్న గుర్తులు 18. మిగతావన్నీ వేషం మార్చుకునే రావాలి.

వేషం అంటే శాతం గుర్తు, దాని వెనక రెండు అక్షరాల కోడ్. స్పేస్‌కి %20. & కి %26. # కి %23. శాతం గుర్తుకే కావాలంటే %25. ప్లస్‌కి %2బీ, ప్రశ్న గుర్తుకి %3ఎఫ్ (టైప్ చేసేటప్పుడు ఆ బీ, ఎఫ్‌లు ఇంగ్లీషు అక్షరాలే). అవతలి పక్కకి చేరాక వేషం తీసేసి అసలు గుర్తుని చూపిస్తారు. దీన్నే ఎన్‌కోడింగ్ అంటారు.

మరి ప్లస్? ఇదొక తమాషా. 2005 పత్రం లెక్కన ప్లస్ అంటే ప్లస్సే. కానీ వెబ్ ఫారాలకి వేరే పాత ఆచారం ఉంది. ఫారం నింపి సబ్మిట్ కొడితే స్పేస్ ఉన్నచోటల్లా ప్లస్ పెట్టి పంపుతారు, అవతల ప్లస్ కనబడ్డచోటల్లా స్పేస్ పెట్టుకుంటారు. ప్రశ్న గుర్తు తర్వాతి భాగాన్ని చాలా ప్రోగ్రాములు ఇప్పటికీ ఈ ఆచారంతోనే చదువుతాయి. నా స్క్రిప్ట్ స్పేస్‌లని %20 చేసింది. ప్లస్‌ని అలాగే వదిలేసింది. అవతలి ప్రోగ్రామ్ "ఓహో, స్పేస్ అన్నమాట" అనుకుంది. ఇద్దరూ మర్యాదగానే ప్రవర్తించారు. మధ్యలో బ్లడ్ గ్రూప్ పోయింది.

రెండేళ్లు ఎందుకు బయటపడలేదంటారా? అన్నాళ్లూ నేను 'ఓ పాజిటివ్' అని పూర్తిగా రాసేవాణ్ణి. ఆ రోజు తొందరలో గుర్తు వాడా. నలభై సార్లలో ఒక్కసారి కూడా ఎర్రర్ రాలేదు. లింక్ ఓపెన్ అయింది, మాటలు కనిపించాయి, నేను చదవకుండా సెండ్ నొక్కా. ఇలాంటి తప్పుల్లో అసలు భయం అదే. ఆగిపోతే చూసుకుంటాం. సగం పనిచేస్తే ఎవరు చూస్తారు?

స్క్రిప్ట్‌తో లింక్ ఓపెన్ చేసేటప్పుడు ఇంకో చిక్కుంది. లింక్ బ్రౌజర్‌ని చేరేలోపే ఇంకొకరి చేతిలోంచి వెళ్తుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు చూడండి, అలా. విండోస్‌లో ఆ వాచ్‌మన్ కమాండ్ విండో. దానికి తన సొంత గుర్తుల భాష ఉంది. బ్రౌజర్ భాషతో దానికి సంబంధం లేదు.

విండోస్ వాచ్‌మన్‌కి & అంటే "ఒక కమాండ్ అయింది, ఇంకోటి మొదలు". కాబట్టి స్టార్ట్ అని రాసి పక్కన & ఉన్న లింక్ పెడితే, & దాకానే బ్రౌజర్‌కి వెళ్తుంది. మిగతా ముక్కని కమాండ్ అనుకుని "ఇలాంటి కమాండ్ నాకు తెలీదు" అంటుంది. సరే, కోట్స్‌లో పెడదాం అని పెట్టామనుకోండి, అప్పుడు ఇంకో విచిత్రం. స్టార్ట్ కమాండ్ కోట్స్‌లో ఉన్న మొదటి మాటని విండో టైటిల్ అనుకుంటుంది. లింక్ ఓపెన్ అవ్వదు, మన లింకే టైటిల్‌గా పెట్టుకుని ఒక ఖాళీ నల్ల విండో వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మందు ఏమిటంటే, ముందు ఖాళీ కోట్స్ ఒక జత పెట్టాలి, తర్వాత లింక్ కోట్స్‌లో:

స్టార్ట్ "" "లింక్"

ఇంకా అయిపోలేదు. బ్యాచ్ ఫైల్లో శాతం గుర్తుకి కూడా ఉద్యోగం ఉంది. %1 అంటే ఫైల్‌కి ఇచ్చిన మొదటి మాట, %2 అంటే రెండోది. మనం కష్టపడి స్పేస్‌కి బదులు %20 రాస్తే, వాచ్‌మన్ %2 ని తీసుకుని, రెండో మాట ఏమీ లేదు కాబట్టి దాన్ని తుడిచేసి, సున్నా మాత్రం మిగులుస్తాడు. మెసేజ్ "రక్తం0కావాలి0అర్జెంట్" అని వెళ్తుంది. అందుకని బ్యాచ్ ఫైల్లో రెండు శాతాలు పెట్టాలి, %%20 అని. ఇందులో జనాన్ని ఏడిపించే కిటుకు ఒకటుంది. అదే లైన్ కమాండ్ విండోలో నేరుగా టైప్ చేస్తే ఒక్క శాతంతోనే పనిచేస్తుంది. టెస్ట్ చేసి, బాగుందని ఫైల్లో పెడతాం. ఫైల్లో చెడిపోతుంది.

"మాకు లాప్‌టాప్ లేదు, ఫోనే" అంటారా? ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ వాడేవాళ్లకి వాచ్‌మన్ మారతాడు కానీ గేటు అలాగే ఉంటుంది. అక్కడ లైన్ మధ్యలో & వస్తే "దీన్ని వెనకాల నడవనీ, నువ్వు తర్వాతది చూడు" అని అర్థం. లింక్ మళ్లీ అక్కడే తెగుతుంది. డబుల్ కోట్స్ పెట్టినా డాలర్ గుర్తుని వేరియబుల్ అనుకుంటుంది. అక్కడ సింగిల్ కోట్స్ క్షేమం. ఐఫోన్ షార్ట్‌కట్స్ వాడేవాళ్లకి పని తేలిక. యూఆర్ఎల్ ఎన్‌కోడ్ అనే యాక్షన్ అందులోనే ఉంది, మెసేజ్‌ని దాని గుండా పంపి తర్వాత లింక్‌కి అతికించండి చాలు.

తెలుగు సంగతి కూడా చెప్పుకుందాం. తెలుగు వికీపీడియా లింక్ కాపీ చేసి ఎవరికైనా పంపారా ఎప్పుడైనా? మూరెడు పొడవున శాతం గుర్తులు వస్తాయి. వైరస్ లింక్ అనుకుని మా బాబాయ్ ఓపెన్ చేయనే లేదు. అది వైరస్ కాదు, తెలుగే. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు, ఒక్కో బైట్ లింక్‌లో మూడు అక్షరాలు. 'అ' ఒక్కటే %ఈ0%బీ0%85 అవుతుంది. 'రక్తం' కంటికి రెండక్షరాలే. కంప్యూటర్‌కి ర, క, పొల్లు, త, సున్నా కలిపి ఐదు. లింక్‌లోకి ఎక్కితే 45 అక్షరాలు. కాబట్టి తెలుగు మెసేజ్ లింక్ పొడవుగా కనిపిస్తే కంగారు పడకండి, చేత్తో కత్తిరించకండి. మధ్యలో ఒక్కటి తెగినా ఆ చోట ప్రశ్న గుర్తులో, పిచ్చి గీతలో వస్తాయి.

చిన్న వ్యాపారం చేసే ఫ్రెండ్స్‌కి ఒక మాట. యూపీఐ లింక్‌లో కూడా ఇదే వ్యాకరణం. ఎవరికి, పేరేంటి, ఎంత అనే మూడు ముక్కల మధ్య & ఉంటుంది. షాపు పేరు 'ఫలానా & సన్స్' అయితే, ఆ & ని %26 చేయకపోతే కస్టమర్‌కి సగం పేరే కనబడొచ్చు. ఇక లింక్‌ని స్క్రిప్ట్‌లో కోట్స్ లేకుండా పెట్టి, మొదటి & దగ్గరే తెగితే, రూపాయల గడి ఖాళీగా వస్తుంది. కస్టమర్ తనకి తోచిన అంకె కొడతాడు. డబ్బు పంపేముందు పేరు, మొత్తం రెండూ చదవమని అందుకే చెప్పేది.

ఇంకో కోణం కూడా ఉంది, ఇది కాస్త సీరియస్. ఫారంలో ఎవరో నింపిన మాటని తెచ్చి మీ స్క్రిప్ట్ నేరుగా కమాండ్ లైన్‌లో పెడుతోందనుకోండి. ఆ 'ఎవరో' తన పేరు గడిలో & కొట్టి దాని పక్కన ఫైళ్లు చెరిపే కమాండ్ రాస్తే? మీ కంప్యూటర్ దాన్ని పేరు అనుకోదు. చెప్పిన పని చేసేస్తుంది. వేరేవాళ్లు టైప్ చేసిన మాటని ఎన్‌కోడ్ చేయకుండా ఎప్పుడూ వాడకండి. అలాగే లింక్‌లో @ కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. సైట్ పేరు రావాల్సిన చోట @ ఉంటే, దానికి ముందున్నది యూజర్ పేరు కిందే లెక్క. అసలు సైట్ దాని తర్వాత ఉంటుంది. ముందు బ్యాంకు పేరు పెట్టి, @ తర్వాత దొంగ సైట్ పెట్టే మోసం పాతదే, ఇంకా నడుస్తోంది.

సరే, మరి ఏం చేయాలి? నేను మార్చుకున్న పద్ధతి ఇది.

ఒకటి: మొత్తం లింక్‌ని కాకుండా విలువని మాత్రమే ఎన్‌కోడ్ చేయాలి. మెసేజ్‌ని విడిగా ఎన్‌కోడ్ చేసి, ఆ తర్వాత లింక్‌కి అతికించాలి. మొత్తం లింక్‌ని చేస్తే ఉద్యోగంలో ఉన్న ప్రశ్న గుర్తు, & కూడా వేషం వేసుకుని కూర్చుంటాయి.

రెండు: చేత్తో మార్చొద్దు. స్పేస్ ఒక్కటే మార్చి వదిలేసింది నేనే కదా! పైథాన్‌లో కోట్ అనే ఫంక్షన్ ఉంది. జావాస్క్రిప్ట్‌లో ఎన్‌కోడ్‌యూఆర్ఐకంపోనెంట్ ఉంది. ఆ చివరి 'కంపోనెంట్' మర్చిపోతే వేరే ఫంక్షన్ అవుతుంది, అది &, #, ప్లస్‌లని ముట్టుకోదు.

మూడు: ఒక్కసారే చేయాలి. రెండుసార్లు చేస్తే %20 లోని శాతం గుర్తు మళ్లీ మారి %2520 అవుతుంది. అవతలివాళ్లకి మాటల మధ్య %20లు కనిపిస్తాయి.

నాలుగు: వాచ్‌మన్ జాగ్రత్త చివర్లో. కోట్స్, విండోస్ బ్యాచ్ ఫైల్ అయితే డబుల్ శాతం. వీలైతే వాచ్‌మన్‌నే తప్పించండి. పైథాన్‌లో వెబ్‌బ్రౌజర్ అనే మాడ్యూల్‌కి లింక్ ఇస్తే మీ లైన్‌ని కమాండ్ విండో చదివే పని ఉండదు.

ఐదు: అందరికీ పంపేముందు మీ నంబర్‌కే ఒకటి పంపుకోండి. మామూలు మాటలతో కాకుండా గుర్తులన్నీ ఉన్న వాక్యంతో. నాది ఇది: "బీ+ & ఓ+ రూమ్ #304, 100% అర్జెంట్. వస్తారా? రక్తం". ఇది చెక్కుచెదరకుండా వస్తే ఇంకేదైనా వస్తుంది.

స్క్రిప్ట్‌ని ఆ రాత్రే పైథాన్‌లో తిరగరాశా. నాలుగైదు లైన్లే మారాయి. షీట్‌లో బ్లడ్ గ్రూప్ గడి నింపమని అందరి వెంటా పడ్డా. ఇంకో రూల్ కూడా పెట్టుకున్నా, దీనికి టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. గ్రూప్‌ని గుర్తుతో రాయం. 'పాజిటివ్', 'నెగటివ్' అని అక్షరాల్లో రాస్తాం. ప్రాణం మీదికొచ్చే మాటని ఒక్క గుర్తు మీద వేలాడదీయకూడదని ఆ రోజు తెలిసొచ్చింది.

జూనియర్ వాళ్లమ్మ పది రోజులకి డిశ్చార్జ్ అయ్యారు. నేను వాడికి జరిగిందంతా చెప్పి సారీ అంటే, వాడు "పోన్లే అన్నా, ప్లస్ పోయినా మనుషులు వచ్చారు కదా" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఇంకా సిగ్గేసింది.

మీ లింక్‌లు ఎప్పుడైనా ఇలా సగంలో తెగి, వింత మాటలు పంపాయా? ఏం జరిగిందో రాయండి, కారణం కలిసి వెతుకుదాం. ఈలోపు ఈ వాక్యం చదివాక ఒక పని చేయండి. మీ వాళ్లకి చివరిసారి పంపిన లింక్ ఒకసారి మీరే నొక్కి చూడండి. అవతల ఏం కనిపిస్తోందో అప్పుడు తెలుస్తుంది.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం.